రాజు నిద్రించని రాజభవనం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలోని పాట్లు పడ్డవాడికే తెలుస్తాయి. అయినా ఇల్లు కట్టించినవాడు, గృహప్రవేశం నాడు పాలు పొంగించి, ఆ రాత్రి కొత్త ఇంట్లో చాప వేసుకుని నడుం వాల్చాడంటే, పడ్డ అవస్థలన్నీ మరచిపోతాడు. ఆ ఒక్క రాత్రి నిద్ర కూడా దక్కని గృహస్థును ఏమనాలి? అతను కట్టించినది రెండు గదుల పెంకుటిల్లు కాదు. 1,200 గదులూ, 1,742 కిటికీలూ, 34 మెట్ల వరసలూ ఉన్న మహాసౌధం. కట్టించినవాడు ఒకనాడు నేపుల్స్ రాజ్యాన్ని ఏలిన చార్లెస్ బూర్బన్. సౌధం ఉన్న ఊరు ఇటలీ దేశంలోని కసెర్టా.

ఐరోపా రాజభవనాలు అనగానే మనవాళ్లకు పారిస్ దగ్గరి వెర్సెయ్ గుర్తుకు వస్తుంది. కసెర్టా పేరు విన్నవారు తక్కువ. నేపుల్స్ దాకా వెళ్లినవారు కూడా పాంపేయి శిథిలాలూ, వెసూవియస్ అగ్నిపర్వతమూ చూసి వెనక్కి తిరుగుతారు. అక్కడికి 30 కిలోమీటర్ల దూరంలో ఇంతటి వింత ఉన్నదని చాలామందికి తెలియదు. మాకూ తెలియకపోయేదే. కిందటి వేసవి సెలవుల్లో మా ఆవిడా, నేనూ, పదో తరగతి పరీక్ష రాసిన మా అమ్మాయీ రోము వెళ్లాము. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా బావమరిది పట్టుబట్టి మమ్మల్ని కసెర్టా రైలు ఎక్కించాడు. "బావా! గుళ్లూ గోపురాలూ చాలా చూశారు. ఒక్కరోజు నా మాట విని నీళ్లు చూడటానికి రండి" అన్నాడు. రాజభవనానికి పిలిచి నీళ్లు చూడమంటాడేమిటా అనుకున్నాను. ఆ మాటలోని అర్థం సాయంత్రానికి గాని బోధపడలేదు.

కసెర్టా స్టేషను గుమ్మంలో నిలబడితే ఎదురుగా విశాలమైన మైదానం, దాని అవతల ఆ చివరినుంచి ఈ చివరిదాకా భవనం. కుడి ఎడమలకు దాదాపు 250 మీటర్ల పొడవు. లోపల నాలుగు పెద్ద పెద్ద ముంగిళ్లు ఉన్నాయి గాని, బయటినుంచి చూస్తే ఒకటే గోడ, ఒకటే కిటికీల బారు. మా ఆవిడ కాసేపు తేరిపార చూసి, "ఏమండీ, ఈ కిటికీలు తుడవటానికి ఎంతమంది పనిమనుషులు కావాలంటారు?" అన్నది. రాజనీతిజ్ఞులెవరూ వేయని ప్రశ్న. ఆ రాజ్యపు ఖజానా చాలాకాలం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఉండి ఉంటుంది.

సముద్రం భయం

ఈ చార్లెస్ ఎవరంటే, వెర్సెయ్ కట్టించిన పద్నాలుగో లూయీకి మునిమనవడు. స్పెయిన్ రాజకుమారుడు. 1734లో, పద్దెనిమిదేళ్ల వయస్సులో, నేపుల్స్ రాజ్యాన్ని గెలుచుకున్నాడు. చేతకాని రాజు కాడు. పేరుపొందిన సాన్ కార్లో నాటకశాలను 1737లో కట్టించినదీ, బూడిదలో పూడిపోయిన హెర్క్యులేనియంలో 1738లోనూ పాంపేయిలో 1748లోనూ తవ్వకాలు మొదలుపెట్టించినదీ అతనే.

అయితే అతని నగరం సముద్రపు ఒడ్డున ఉన్నది. 1742లో ఒకనాడు ఇంగ్లీషు యుద్ధనౌకలు వచ్చి రేవులో నిలిచి, జరుగుతున్న యుద్ధంలోంచి తప్పుకుంటారా, లేక ఊరిమీద గుండ్లు కురిపించమంటారా అని అడిగాయి. ఆలోచించుకోవటానికి ఇచ్చిన వ్యవధి ఎంతో లేదు. రాజు తల వంచక తప్పలేదు. ఆ అవమానం అతని మనస్సులో ముల్లులాగా ఉండిపోయింది. ఓడల ఫిరంగులకు అందనంత దూరంలో, మైదానం మధ్య కొత్త రాజధాని ఉండాలనుకున్నాడు. భవనంలో కిటికీలు 1,742, రాజు భయపడిన సంవత్సరమూ 1742. కాకతాళీయమే గాని, మా అమ్మాయి ఆ సంగతి కనిపెట్టి చెప్పినప్పుడు మేమంతా నవ్వుకున్నాము.

భవన నిర్మాణానికి రాజు ఎంచుకున్న శిల్పి లూయీజీ వన్విటెల్లి. తండ్రి హాలెండునుంచి వచ్చి ఇటలీలో స్థిరపడిన చిత్రకారుడు. కొడుకు నేపుల్స్‌లోనే 1700లో పుట్టాడు. రోములో పోపుగారి కొలువులో పనిచేసి, సెయింట్ పీటర్స్ గోపురానికి బీటలు వస్తే దాన్ని బలపరిచే పనిలో పాలుపంచుకున్నవాడు. 1752 జనవరి 20న, రాజుగారి ముప్పై ఆరో పుట్టినరోజున, శంకుస్థాపన జరిగింది. ఆనాడు పునాది గీత గీసినది సున్నంతోనూ తాడుతోనూ కాదు. భవనం ఎంతమేర రావాలో అంతమేరా కాల్బలాన్నీ గుర్రపు దళాలనూ వరసగా నిలబెట్టారట. మనుషులతో గీసిన ఆ నక్షా మధ్యలో రాజు తొలి రాయి వేశాడు. ఆ దృశ్యాన్ని సింహాసన మందిరపు లోకప్పు మీద తరవాతి కాలంలో చిత్రించారు. మేము మెడలు నొప్పి పుట్టేదాకా చూశాము.

రాజు కోరిక రాజభవనం ఒక్కటే కాదు. ఆ కప్పుకిందనే మంత్రుల కచేరీలూ, గ్రంథాలయమూ, విశ్వవిద్యాలయమూ ఉండాలనుకున్నాడు. నాలుగు మూలలా నాలుగు బురుజులూ, నడుమ పెద్ద గోపురమూ వేయించాలని వన్విటెల్లి గీసిన పటాల్లో ఉన్నది. అవి పటాల్లోనే మిగిలిపోయాయి.

మెట్లమీద సంగీతం

భవనం నడుమనుంచి పోయే నడవలోకి అడుగుపెట్టగానే ఒక చిత్రం జరుగుతుంది. ముందుగుమ్మంలో నిలబడి చూస్తే, చీకటి నడవ చివర వెలుతురు, ఆ వెలుతురులో మూడు కిలోమీటర్ల అవతల కొండమీదనుంచి జారుతున్న తెల్లని నీటి చార. దుర్భిణిలోంచి చూసినట్లే ఉంటుంది. బరోక్ అనే శిల్పరీతి గుట్టంతా ఇదే. చూసేవాడిని నాటకశాలలో కూర్చోబెట్టి, ఏ క్షణాన ఏ తెర లేవాలో ముందే నిర్ణయించటం. ప్రబంధాల్లో పురవర్ణన చెబుతున్నప్పుడు, "ఇంత అతిశయోక్తా మాస్టారూ!" అని నవ్వే విద్యార్థులు నాకు ప్రతి ఏడూ ఉంటారు. వాళ్లను ఒకసారి ఈ గుమ్మంలో నిలబెడితే బాగుండుననిపించింది. రాతితో చెప్పిన అతిశయోక్తి ఇది.

కుడివైపున మహాసోపానం. మొత్తం 116 మెట్లు. నడిమి వరస కొంత ఎక్కాక రెండుగా చీలి, వెనక్కి తిరిగి పైకి పోతుంది. చీలేచోట రెండు పాలరాతి సింహాలు కాపలా ఉన్నాయి. పైన కప్పు ఒకటి కాదు, రెండు. కింది కప్పుకు నడుమ కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ వదిలి, దాని చుట్టూ వాద్యగాళ్లను కూర్చోబెట్టేవారు. రాజు మెట్లెక్కుతుంటే పాట ఆకాశంలోంచి వచ్చినట్లు వినిపించేది. పాడేవారు కనిపించరు. గంధర్వగానం అని మన కథల్లో రాస్తామే, దాన్ని మేస్త్రీ పనితో సాధించారన్నమాట.

పైన గదుల సంగతి క్లుప్తంగా చెబుతాను. బంగారు పూత, పట్టు గోడలు, అద్దాలు, ఎన్ని చూస్తే ఏం, నాలుగో గదిలో మొదటి గది మరుపు వస్తుంది. గుర్తుండేవి రెండు మూడే. సింహాసన మందిరం పూర్తి అయినది 1845లో, అనగా పునాది వేసిన 93 ఏళ్లకు. దాని గోడల పై అంచున నేపుల్స్‌ను ఏలిన రాజుల ముఖాలు వరసగా చెక్కించారు. నడుమ కొన్నాళ్లు ఆ దేశాన్ని పాలించిన నెపోలియన్ అన్నగారి ముఖమూ, బావమరిది మ్యూరా ముఖమూ మాత్రం ఆ వరసలో లేవు. చరిత్రలోంచి మనుషులను తీసివేయటానికి కత్తే అక్కర్లేదు, ఉలి చాలు.

రెండవది 1769లో ప్రారంభమైన చిన్న నాటకశాల. గుర్రపు లాడం ఆకారంలో ఉన్నది. రంగస్థలం వెనక గోడకు పెద్ద తలుపు పెట్టారు. అది తెరిస్తే నాటకానికి నిజమైన తోటే వెనక తెర.

పెద్దవాడు పోయాడు, పిల్లవాడు మిగిలాడు

భవనం గోడలు లేస్తుండగానే కథ అడ్డం తిరిగింది. 1759లో స్పెయిన్ రాజు, చార్లెస్ అన్నగారు, సంతానం లేకుండా చనిపోయాడు. చార్లెస్ అక్కడి సింహాసనానికి వెళ్లిపోవలసి వచ్చింది. రెండు రాజ్యాలూ ఒక్కడే ఏలటానికి వీలు లేదు. ఎనిమిదేళ్ల కొడుకు ఫెర్డినాండ్‌ను నేపుల్స్ గద్దెమీద కూర్చోబెట్టి, రాజ్యభారం మంత్రులకు అప్పగించి, ఓడెక్కాడు. తరవాత 29 ఏళ్లు బతికాడు గాని తిరిగి రాలేదు. ఏడేళ్లు ముచ్చటపడి కట్టించిన ఇంట్లో అతను ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

పైగా 1764లో రాజ్యమంతా ఘోరమైన కరువు. పల్లెలనుంచి జనం తిండికోసం నేపుల్స్ వీధుల్లోకి వచ్చి పడ్డారు. కరువు వెంట జ్వరాలు వచ్చాయి. వేలమంది చనిపోయారు. కసెర్టాలో పనులు మందగించాయి. వన్విటెల్లి 1773లో, పని ఇంకా చాలా మిగిలి ఉండగానే, కసెర్టాలోనే కన్ను మూశాడు. అతని కొడుకు కార్లో చేతికి పని వచ్చింది. ఇల్లు కట్టమన్నవాడు దాన్లో ఉండలేదు, కట్టినవాడు పూర్తి అయినది చూడలేదు. ఈ సంగతులు తెలిసి గదులు చూస్తుంటే, ఆ బంగారమంతా కొంత వెలవెల పోయినట్లనిపించింది.

నీళ్లు చూడండి

మధ్యాహ్నం తోటలోకి వెళ్లాము. తోట అంటే పూలమొక్కల మడులు అనుకునేరు. దాదాపు 300 ఎకరాలు. నడుమ ఒక సూటి దారి, మూడు కిలోమీటర్లు. నడవలేనివారికి బస్సు ఉన్నది, అద్దె సైకిళ్లున్నాయి. మేము నడిచే వెళ్లాము.

ముందుగా ఎడమవైపు పాత అడవి, దాన్లో ఒక బొమ్మకోట, ఒక పెద్ద చేపలచెరువు కనబడతాయి. పిల్లరాజు ఫెర్డినాండ్‌కు యుద్ధవిద్య నేర్పటానికి వాటిని ఉపయోగించారు. చెరువులో చిన్న చిన్న ఓడలు వదిలి ఉత్తుత్తి నౌకాయుద్ధాలు చేయించేవారట. తండ్రి నిజమైన ఓడలకు భయపడి లోతట్టుకు వచ్చాడు. కొడుకు ఆ లోతట్టునే ఓడలాట ఆడాడు.

ఆ పైన దారికి నడుమ ఒకదాని వెనక ఒకటిగా నీటి కొలనులు. డాల్ఫిన్ల నోళ్లలోనుంచి నీళ్లు దూకే కొలను ఒకటి. వాయుదేవుడి కొలను ఒకటి. ధాన్యలక్ష్మి వంటి సీరీస్ దేవత కొలను ఒకటి. వేటకు వెళ్లవద్దని ప్రియుడిని వేడుకుంటున్న వీనస్ కొలను ఒకటి. ప్రతి కొలనునుంచీ నీళ్లు మెట్లు మెట్లుగా కిందికి దిగి, పచ్చిక కింద మాయమై, మళ్లీ పైకి తేలుతాయి. చిట్టచివర దాదాపు 80 మీటర్ల ఎత్తునుంచి రాళ్లమీదుగా జలపాతం దూకుతున్నది.

జలపాతం పాదాన రెండు శిల్ప సమూహాలు. ఒకవైపు స్నానం చేస్తున్న డయానా దేవత, చెలికత్తెలు. రెండోవైపు ఆక్టియన్ అనే వేటగాడు. అడవిలో తిరుగుతూ ఆమెను చూడరాని వేళ చూశాడు. దేవత కోపించి అతన్ని దుప్పిగా మార్చింది. తల అప్పుడే దుప్పి తల అయింది, ఒళ్లు ఇంకా మనిషిది. అతని సొంత వేటకుక్కలే యజమానిని గుర్తించక మీద పడుతున్నాయి. శాపాలు మనకు కొత్త కావు గాని, పెంచిన కుక్కల చేత చంపించటం మా అమ్మాయికి మరీ అన్యాయంగా తోచింది. నాకు ఇంకో సంగతి తోచింది. ఆ రాజవంశంవారికి వేట అంటే ప్రాణం. ఏ వినోదమైతే వాళ్లకు ప్రాణమో, దాని కీడు చెప్పే కథనే తోటకు తలమానికంగా పెట్టుకున్నారు. ఆ బొమ్మ ముందు నిలబడి వాళ్లు ఏమనుకునేవారో!

"ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చెప్పు చూద్దాం" అన్నాడు మా బావమరిది మేనకోడలితో. "కొండమీదనుంచి" అన్నది అది. నిజమే గాని, ఆ కొండమీద నీటిచుక్క లేదు. నీళ్లు వస్తున్నది తబుర్నో పర్వతం దగ్గరి ఫిత్సో ఊటలనుంచి. 38 కిలోమీటర్ల కాలువ మీద. 1753లో తవ్వటం మొదలుపెట్టి, 1762 మే 7న నీళ్లు వదిలారు. రాజు పేరుమీద కరొలీనో కాలువ అన్నారు. చాలాదూరం అది నేలలోపల నడుస్తుంది, కొండలను తొలుచుకుని పోతుంది. ఎక్కడా యంత్రం లేదు, ఎత్తిపోత లేదు. పల్లమెరుగు నీళ్లని మనం సామెతగా అనేదాన్ని వన్విటెల్లి 38 కిలోమీటర్ల పొడుగునా లెక్కగట్టాడు. వాలు ఎక్కువైతే నీళ్లు కొండ దిగువన తేలతాయి, తక్కువైతే దారిలోనే నిలిచిపోతాయి. రాజుగారి ముత్తాత వెర్సెయ్‌లో ఫౌంటెన్లకోసం సెయిన్ నదినుంచి నీళ్లెత్తటానికి 14 చక్రాల మహాయంత్రం పెట్టించినా నీళ్లు చాలేవి కావు. ముత్తాత యంత్రంతో చేయలేనిది ఇక్కడ వాలుతో సాధించారు.

దారిలో మద్దలోని అనే ఊరి దగ్గర రెండు కొండల నడుమ లోయ అడ్డం వచ్చింది. దానిమీద మూడు అంతస్తుల కమానులతో రాతి వంతెన కట్టి, నీళ్లను నెత్తిన పెట్టి దాటించారు. పొడవు 529 మీటర్లు, ఎత్తు దాదాపు 56 మీటర్లు. కారులో తీసుకువెళ్లి చూపించాడు మా బావమరిది. కోనసీమలో గన్నవరం దగ్గర వైనతేయ గోదావరిని దాటించే అక్విడక్టు చూసినవారికి ఆ ఊహ సులభంగా అందుతుంది. మన అక్విడక్టుకు ఇప్పుడు అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకున్నాము. అక్కడి దానికి రాజు పేరు ఉన్నది. కాని ఆ రాళ్లు మోసినవారి పేర్లు ఎక్కడా లేవు. జీతానికి వచ్చిన కూలీలతోపాటు నేరాలకు శిక్షపడ్డ ఖైదీలూ, సముద్రంమీద పట్టుబడి బానిసలైన ఉత్తరాఫ్రికా ముస్లిములూ కసెర్టా పనుల్లో వెట్టి చాకిరీ చేశారు. ఆ వంతెన కింద నిలబడి తల ఎత్తి చూస్తే, దాని అందంతోపాటు ఆ బరువు కూడా తెలుస్తుంది.

ఈ కాలువ గొప్పతనం ఫౌంటెన్లకే పరిమితం కాలేదు. దారిలో పిండిమరలను తిప్పింది. ఇనుప కార్ఖానాలకు పనికివచ్చింది. తోటలో ఆడిన నీళ్లు నేపుల్స్ నగరపు దాహం తీర్చటానికి కూడా పోవాలని మొదటినుంచీ ఉద్దేశం. రాజు ముచ్చటకోసం తెచ్చిన నీళ్లు జనానికి అన్నం పెట్టాయి.

రాణిగారి తోట

జలపాతానికి కుడిచేతి వైపున ఇంకొక తోట ఉన్నది. దాని తీరే వేరు. సూటి దారులు లేవు. ఫెర్డినాండ్ భార్య మరియా కరొలీనా ఆస్ట్రియా మహారాణి కుమార్తె, ఫ్రాన్సులో తల పోగొట్టుకున్న మరీ ఆంట్వనెట్‌కు స్వయానా అక్క. ఆమెకు 1786లో ఇంగ్లీషు పద్ధతి తోట కావాలనిపించింది. నేపుల్స్‌లో ఉన్న ఇంగ్లీషు రాయబారి సర్ విలియం హామిల్టన్ సలహామీద జాన్ ఆండ్రూ గ్రేఫర్ అనే తోటమాలిని పిలిపించారు. దాదాపు 60 ఎకరాల్లో వంకర దారులూ, మిట్టపల్లాలూ, మరుగున ఒక కొలనూ, దాని ఒడ్డున వంగి నీళ్లు చూసుకుంటున్న వీనస్ బొమ్మా ఉన్నాయి. పురాతన విగ్రహాలు తెచ్చి, కావాలని పాడుబెట్టినట్లు కట్టిన మండపంలో నిలిపారు. శిథిలాలు తవ్వి తీస్తున్న దేశంలోనే కొత్త శిథిలం కట్టించటం చిత్రం కాదూ? కమేలియాలున్నాయి, లెబనాన్ దేవదారులున్నాయి. ఒక చెట్టు ఆకు నలిపి వాసన చూసి మా ఆవిడ, "హారతి కర్పూరమండీ!" అన్నది. నిజంగానే కర్పూరపు చెట్టు.

కట్నం లేని ఊరు

భవనంనుంచి కొన్ని కిలోమీటర్ల దూరాన కొండవాలుమీద శాన్ లెయూచో అనే చిన్న ఊరున్నది. కసెర్టా వెళ్లినవారు చాలామంది ఈ ఊరు చూడకుండానే వెళ్లిపోతారు. నన్నడిగితే భవనంలో నాలుగు గదులు మానుకుని అయినా ఈ ఊరు చూడాలి.

మొదట అది వేటవిడిది. ఫెర్డినాండ్ దాన్ని పట్టు నేసే కార్ఖానాగా మార్చాడు. కరొలీనో కాలువ నీళ్లతోనే పట్టు వడికే చక్రాలు తిరిగేవి. పనివారికి వరసగా ఇళ్లు కట్టించాడు. 1789లో ఆ ఊరికి ప్రత్యేకంగా ఒక ధర్మశాసనం ప్రకటించాడు. ఫ్రాన్సులో విప్లవం వచ్చినదీ ఆ సంవత్సరమే. ఆ శాసనంలోని సంగతులు మా బావమరిది ఒక్కొక్కటే చెబుతుంటే మా ఆవిడ నడక ఆపి వినటం మొదలుపెట్టింది. ఊళ్లో అందరూ సమానం, మనిషికి మనిషికి తేడా పనితనంలోనూ నడవడిలోనూ తప్ప ఉండరాదు. ఆడపిల్లలైనా మగపిల్లలైనా బడికి పోయి తీరాలి. పిల్లలకు మశూచి రాకుండా టీకా వేయించాలి. తల్లిదండ్రుల ఆస్తిలో కొడుకుకూ కూతురికీ సమభాగం. పెళ్లి పిల్లల ఇష్టప్రకారం. కట్నాలు రద్దు.

"ఏ సంవత్సరమన్నావురా?" అన్నది మా ఆవిడ తమ్ముడితో.

"1789 అక్కా."

మన దేశంలో కట్న నిషేధ చట్టం వచ్చినది 1961లో. అది ఎంత బాగా అమలవుతున్నదో ఆడపిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. మా ఆవిడ మరేమీ మాట్లాడలేదు. ముందు నడుస్తున్న కూతురి వైపు ఒకసారి చూసింది.

ఇంత మంచి శాసనం ఇచ్చిన రాజును మెచ్చుకోవలసినదే. కాని అది రాజు దయ, ప్రజల హక్కు కాదు. ఒక్క ఊరికే ఇచ్చాడు, రాజ్యమంతటికీ ఇవ్వలేదు. ఆనాడు ఆ శాసనాన్ని కీర్తిస్తూ పద్యాలు రాసినవారిలో ఎలియొనోరా ఫొన్సేకా పిమెంటెల్ అనే కవయిత్రి ఉన్నది. రాజు సాక్షాత్తు ధర్మమూర్తి అని నమ్మినది. పదేళ్లు తిరిగేసరికి 1799లో నేపుల్స్‌లో రాజును తరిమి ప్రజాప్రభుత్వం ఏర్పరచారు. ఆమె దాని పక్షాన పత్రిక నడిపింది. కొద్ది నెలలకే రాజు తిరిగి వచ్చాడు. 1799 ఆగస్టు 20న ఆమెను ఉరి తీశారు. సమానత్వాన్ని తాను దానమిస్తే ఔదార్యం, ప్రజలు అడిగితే రాజద్రోహం! కావ్యాలూ కృతిభర్తలూ నాకు రోజూ పాఠంలో ఎదురయ్యేవే. కృతిభర్త చేతిలో ఉరి పడ్డ కవయిత్రి కథ విన్నాక, ఆ ఊరి మగ్గాల నడుమ నాకు చాలాసేపు మాట పెగలలేదు.

చివరి కొలువు

ఆ తరవాతి చరిత్ర త్వరగా చెప్పుకోవచ్చు. 1859లో రెండవ ఫెర్డినాండ్ ఈ భవనంలోనే చనిపోయాడు. మరుసటి ఏడే గారిబాల్డీ వచ్చి ఇక్కడ విడిది చేసి, వోల్తూర్నో యుద్ధం నడిపాడు. బూర్బన్ల రాజ్యం ఏకమైన ఇటలీలో కలిసిపోయింది. 1919లో రాజకుటుంబం భవనాన్ని ప్రభుత్వపరం చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో ఇక్కడి ప్రార్థనాలయంమీద బాంబులు పడ్డాయి. తరవాత మిత్రసైన్యాల ప్రధాన కార్యాలయం ఇక్కడికి వచ్చింది. 1945 ఏప్రిల్ 29న ఇటలీలోని జర్మను సైన్యాలు లొంగిపోతూ సంతకాలు చేసినది ఈ ఇంట్లోనే.

ఆ సంతకాలతో మనకూ సంబంధం ఉన్నది. ఇటలీ యుద్ధంలో భారత సైన్యం 4, 8, 10 డివిజన్లు పోరాడాయి. కసెర్టాకు వాయవ్యాన ఉన్న కసీనో కొండ దగ్గర 1944లో జరిగిన భీకర యుద్ధంలో శత్రువుల గుండ్ల నడుమ దారులు వేసినవారిలో మద్రాసు సాపర్లు ఉన్నారు. ఆ దళాల్లో మన తెలుగువారూ పనిచేసేవారు. కసీనో సైనిక శ్మశానంలో భారతీయుల సమాధులు ఈనాటికీ ఉన్నాయి. ఫిరంగులకు దూరంగా ఉండాలని కట్టించిన ఇంటికి చివరికి యుద్ధమే అతిథిగా వచ్చింది. అక్కడే ముగిసింది కూడా.

1997లో యునెస్కోవారు భవనాన్నీ, తోటనూ, నీటివంతెననూ, శాన్ లెయూచోనూ కలిపి ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. నాలుగూ కలిపి చేర్చటమే న్యాయం. నీళ్లు లేకపోతే తోట లేదు, ఆ చక్రాలూ లేవు.

వెళ్లదలచుకున్నవారికి ఒకటి రెండు మాటలు. మంగళవారం భవనానికి సెలవు. తోటకు చాలినంత వ్యవధి ఉండేట్లు పొద్దున్నే చేరండి. మంచి చెప్పులు వేసుకోండి. భవనం దగ్గరినుంచి జలపాతం అరచేతి దూరంలో ఉన్నట్లే కనిపిస్తుంది గాని, నడిస్తే కాళ్లు అసలు లెక్క చెబుతాయి.

మనిషి పోయాక అతన్ని నిలిపే సంతానాలు ఏడని మన పూర్వులు లెక్కపెట్టారు. కన్నబిడ్డ, చెరువు, తోట, గుడి, అగ్రహారం, కావ్యం, నిధి. కోటలూ మేడలూ కట్టిన రాజులు వాళ్లకు తెలియక కాదు గాని, ఆ ఏడింటిలో కోట లేదు, మేడ లేదు. కసెర్టాలో ఆ లెక్క ఎంత సరైనదో కళ్లారా చూశాను. 1,200 గదుల్లో రాజన్నవాడు లేడు. అతను తెప్పించిన నీళ్లు మాత్రం 1762లో బయలుదేరి, ఇంకా వస్తూనే ఉన్నాయి.